మెరిసే బ్లాకు, గీతలు పడిన బేరింగు: ఒక టిప్పర్ల షెడ్డు కేస్ స్టడీ

నేపథ్యం

సున్నపురాయి గనికీ సిమెంటు ఫ్యాక్టరీకీ మధ్య రోజంతా తిరిగే నలభై దాకా టిప్పర్లు, వాటికి సొంత షెడ్డు. ఊరు, యజమాని, బండి కంపెనీ పేర్లు ఇక్కడ అనవసరం. ఇంజిన్లన్నీ ఒకే రకం: ఆరు సిలిండర్లు, సుమారు 6 లీటర్లు, టర్బో, పోత ఇనుప బ్లాకు, డ్రై స్లీవులు (బ్లాకులో దిగే, నీళ్లు తగలని సిలిండర్ గొట్టాలు). నెలకు ఒకటో రెండో ఇంజిన్లు బోరుకు, అంటే పూర్తిగా విప్పి సిలిండర్లను సరిచేసే పనికి, వస్తాయి. దింపడం, విప్పడం, కడగడం, బిగించడం అంతా షెడ్డులోనే. స్లీవులు దించి బోరింగ్ (సిలిండర్ లోపలిని కొలతకు కోయడం), హోనింగ్ (దాని గోడను రాయితో రుద్ది సన్నని అడ్డగీతలు తేవడం) చేయడం, క్రాంకు గ్రైండింగ్ మాత్రం పట్నంలోని లేత్ షాపులో జరుగుతాయి.

కడిగే పద్ధతి చాలా షెడ్లలో ఉన్నదే. అడ్డంగా సగానికి కోసిన డ్రమ్ములో డీజిల్, ఒక ఇనుప బ్రష్షు, ఒక పెయింట్ బ్రష్షు, బనియన్ వేస్టు, కంప్రెసర్ గాలి. రేషన్ కిరోసిన్ దొరకడం మానేశాక డీజిలే గతి అయింది. అదే డీజిల్‌లో పొద్దున గేర్‌బాక్సు, మధ్యాహ్నం పిస్టన్లు, సాయంత్రం ఎయిర్ బ్రేకు చాంబర్ బ్రాకెట్లు. వారానికోసారి పైన తేరిన డీజిల్‌ను వంచి, అడుగున మిగిలిన మడ్డిని పారబోసేవారు. హెడ్ గ్యాస్కెట్ ఆనే ముఖాన్ని శుభ్రం చేయడానికి హ్యాండ్ గ్రైండర్‌కు బిగించే ఫైబర్ డిస్కు వాడేవారు. దానితో రెండు నిమిషాల్లో బ్లాకు ముఖం అద్దంలా వస్తుంది. ఈ డిస్కు సంగతి మళ్లీ వస్తుంది.

సమస్య

8 నెలల్లో ఓవర్‌హాల్ చేసిన 11 ఇంజిన్లలో నాలుగు వెనక్కి వచ్చాయి. 160 గంటలకొకటి, 210కి ఒకటి, మిగతా రెండూ 400 గంటలు నిండకముందే. లక్షణాలు నాలిగింటికీ ఒకటే: వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఆ తర్వాత కొన్ని రోజులకు కింద నుంచి కొట్టుడు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే క్రాంకును మోసే మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు కింది కొసలో ఉండే బిగ్ ఎండ్ బేరింగులు రెండింటి మీదా చుట్టూ తిరిగిన గీతలు. ఒక దానిలో టర్బో షాఫ్టు కూడా అరిగింది.

అనుమానాలు వరుసగా మూడు వచ్చాయి. బేరింగులు డూప్లికేటు, ఆయిల్ పలచన, లేత్ షాపు క్రాంకును సరిగా కోయలేదు. మూడూ న్యాయమైనవే. కానీ క్రాంకును మైక్రోమీటరుతో కొలిస్తే జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) కొలతలు, గుండ్రదనం కంపెనీ చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి. ప్లాస్టిగేజ్ అనే, నొక్కి కొలిచే మెత్తని తీగతో చూసిన బేరింగు గ్యాపు కూడా సరిపోయింది. బేరింగులను వేరే కంపెనీవి, బిల్లుతో సహా తెప్పించారు. ఆయిల్‌ను 15డబ్ల్యూ-40 నుంచి అంతకంటే చిక్కని 20డబ్ల్యూ-50కి మార్చారు. ఇలా కట్టిన రెండు ఇంజిన్లలో ఒకటి 240 గంటలకే వచ్చేసింది. ఆయిల్ చిక్కన చేస్తే ప్రెషర్ గేజీ ముల్లు కాస్త పైకి లేస్తుంది కాబట్టి మనసుకు ధైర్యంగా ఉంటుంది. బేరింగు మీద గరుకు పొడి ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బేరింగును చదవడం

ఇక్కడి నుంచి దారి మారింది. పోయిన బేరింగు షెల్స్‌ను (సగం గుండ్రంగా ఉండే రేకులను) తుక్కులో వేయకుండా, ఏది ఏ జర్నల్‌దో పెయింటుతో రాసి వరసగా పేర్చి, పదింతలు చూపే భూతద్దంతో చూశారు. మూడు విషయాలు కనబడ్డాయి.

మొదటిది, మెత్తని లోహపు పూతలో దిగబడిన నలుసులు. ఒక్కో నలుసు చుట్టూ సన్నగా మెరిసే వలయం. గట్టి రేణువు దిగబడినప్పుడు పక్కనున్న లోహం గట్టులా పైకి లేస్తుంది. ఆ గట్టును జర్నల్ రుద్దితే మెరుపు వస్తుంది. రెండోది, రెండు షెల్స్‌లో లోపలి ముఖం మీద ఒకే చోట మెరిసే మచ్చ, సరిగ్గా దాని వెనక వీపు మీద నల్లటి చుక్క. అంటే బిగించేటప్పుడే షెల్ వెనక నలుసు ఉండిపోయింది. మూడోది, గీతలు అన్ని మెయిన్ల మీదా దాదాపు ఒకేలా ఉన్నాయి. క్రాంకు వంకరైతే నడిమి బేరింగు ఎక్కువగా తింటుంది, అంచు సరిగా లేకపోతే ఒక పక్కే తింటుంది. అన్నీ సమానంగా గీసుకుపోయాయంటే చెత్త ఆయిల్‌తోనే వచ్చి అందరికీ పంచబడిందన్నమాట.

తర్వాత ఆయిల్ ఫిల్టరును కోసి, మడతల కాగితాన్ని శుభ్రమైన డీజిల్‌లో ఝాడించారు. అడుగున పేరుకున్న పొడి మీద మందపాటి పాలిథిన్ చుట్టిన అయస్కాంతం తిప్పితే సగం పైగా అంటుకుంది. అది ఇనుప రజను. మిగిలిన దాన్ని రెండు గాజు ముక్కల మధ్య వేసి రుద్దితే కరకర చప్పుడు, గాజు మీద తెల్లటి గీతలు. కార్బన్ మసి గాజును గీయలేదు, అల్యూమినియం పొడి గీయలేదు. గీసేది ఇసుక గానీ, హోనింగ్ రాయి పొడి గానీ, ఫైబర్ డిస్కులో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ గానీ. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో గాజు అయిదున్నర, ఇసుక 7, అల్యూమినియం ఆక్సైడ్ 9. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ప్రయోగశాల అక్కర్లేదు.

ఫిల్టరు ఉండగా ఈ పొడి బేరింగు దాకా ఎలా వెళ్లింది? షెడ్డులో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. కేసు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. ఆయిల్ చాంబర్ నుంచి పంపుకు, ఫిల్టరుకు, అక్కడి నుంచి మెయిన్ గ్యాలరీకి (బ్లాకు పొడవునా సాగే ఆయిల్ రంధ్రానికి), గ్యాలరీ నుంచి బేరింగులకు వెళుతుంది. గ్యాలరీ ఫిల్టరు తర్వాత ఉంది. బ్లాకును కడిగినప్పుడు గ్యాలరీలో మిగిలిన నలుసు మొదటి స్టార్టులోనే, ఫిల్టరు మొహం కూడా చూడకుండా, సూటిగా బేరింగులోకి పోతుంది. లోడు పడినప్పుడు అక్కడ ఆయిల్ పొర ఒకటి రెండు మైక్రాన్లకు పలచబడుతుంది. మామూలు కంటికి విడిగా కనబడాలంటే నలుసు 40 మైక్రాన్ల దాకా ఉండాలి. కంటికి శుభ్రంగా కనబడటం ఇక్కడ ఏ లెక్కలోకీ రాదు. దానికి తోడు చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి ఫిల్టరు బైపాస్ వాల్వు తెరుచుకుంటే, కొంత ఆయిల్ వడకట్టకుండానే పోతుంది. 20డబ్ల్యూ-50 వేశాక ఆ ఇబ్బంది ఇంకాస్త పెరిగే ఉంటుంది.

ఫైబర్ డిస్కు పొడి గ్యాలరీలోకి చేరే దారి కూడా దొరికింది. బ్లాకు పై ముఖం మీద, వాల్వులను తెరిచే రాకర్లకు ఆయిల్ పంపే సన్నని రంధ్రం ఉంటుంది. అది నేరుగా గ్యాలరీకి కలుస్తుంది. డిస్కు తిప్పినప్పుడు రాలిన పొడి అందులో పడుతుంది. ఆ తర్వాత కంప్రెసర్ గాలి పైనుంచి కొడతారు, దాంతో పొడి ఇంకా లోపలికి. ఇంజిన్ కంపెనీలు తెరిచి ఉన్న ఇంజిన్ మీద ఈ డిస్కులు వాడొద్దని సర్వీసు సూచనల్లో హెచ్చరించడానికి కారణం ఇదే.

పనిచేయని ప్రయత్నం: కాస్టిక్ ట్యాంకు

డీజిల్ కడుగుడు చాలదని తేలాక వేడి కాస్టిక్ ట్యాంకు కట్టారు. 4 మి.మీ. ఉక్కు రేకుతో 120×70×70 సెం.మీ. తొట్టి, 450 లీటర్ల నీళ్లు, 22 కిలోల కాస్టిక్ సోడా ఫ్లేక్స్, అంటే సుమారు 5 శాతం. 6 కిలోవాట్ల హీటర్లు మూడు. 80 డిగ్రీలకు రావడానికి రెండు గంటలు. బ్లాకును మూడు గంటలు నానబెట్టి తీస్తే పదేళ్ల మడ్డి, పెయింటు, మసి అన్నీ ఊడిపోయి పోత ఇనుము బూడిద రంగులో కొత్తదానిలా బయటికొచ్చింది. యజమాని ఫొటో తీసుకున్నాడు.

ఆ ఇంజిన్ 40 గంటలకే పోయింది. అన్నిటికంటే తొందరగా.

విప్పి చూస్తే కారణం దాక్కోలేదు. ట్యాంకులో వేసేముందు గ్యాలరీ చివర్లలోని ప్లగ్గులు తీయలేదు. కాస్టిక్ పాత మడ్డిని మెత్తబరచింది. అది బయటికి పోయే దారి లేక గ్యాలరీ కొసల్లో, ప్లగ్గు వెనక జేబులో చేరింది. కడిగాక గాలి కొట్టి ఎండలో పెడితే ఆరి బెల్లం అచ్చులా గట్టిపడింది. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ తగిలేసరికి ముక్కలుగా విరిగి కదిలింది. ఇంతకుముందు డీజిల్‌తో కడిగినప్పుడు ఆ మడ్డి కనీసం ఉన్నచోటే అంటుకుని ఉండేది. సగం శుభ్రం చేయడం అసలు చేయకపోవడం కంటే ప్రమాదమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే ట్యాంకు ఇంకో రెండు నష్టాలూ తెచ్చింది. హెల్పర్ ఒకతను అల్యూమినియం టైమింగ్ కవరును ఇనుప సామానుతో కలిపి దించాడు. పది నిమిషాల్లో బుడగలు, నురగ. తీసేసరికి నల్లబడి, ముఖమంతా గుంటలు పడి పనికిరాకుండా పోయింది. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. పక్కన గ్యాస్ వెల్డింగ్ జరుగుతుంటే సంగతి కవరుతో పోయేది కాదు. రెండో నష్టం బోరుబావి నీళ్లది. అక్కడి నీళ్లు బాగా ఉప్పదనం, సున్నం ఉన్నవి. వేడి బ్లాకు మీద ఆ నీళ్లు ఆరితే తెల్లటి పొర. నూనె జాడ కూడా లేని ఇనుము కాబట్టి అరగంటలోపే సిలిండర్ల గోడల మీద కాషాయం రంగు తుప్పు. ఆ తుప్పును హెల్పర్ దేనితో తీశాడో ఊహించవచ్చు: ఎమెరీ పేపర్. మళ్లీ అదే గరుకు పొడి.

పనిచేసిన పద్ధతి

మార్చింది మందును కాదు, వరుసను. ట్యాంకు అదే, సోడా పాళ్లు అవే.

ఇంతకుముందు విప్పడం, కడగడం, లేత్ షాపు, బిగించడం అని నాలుగు మెట్లు. లేత్ షాపు నుంచి వచ్చిన బ్లాకును గాలి కొట్టి, గుడ్డతో తుడిచి నేరుగా బిగించేవారు. బోరింగ్ రజను, హోనింగ్ రాయి పొడి, గ్రైండింగ్ బురద అన్నీ వచ్చి చేరేది అక్కడే. ఇప్పుడు లేత్ షాపుకు ముందు ఒక కడుగుడు, తర్వాత ఇంకొకటి. మొదటిది మడ్డి కోసం, రెండోది పొడి కోసం. రెండూ వేర్వేరు పనులు.

ప్లగ్గులు: ఈ బ్లాకుకు గ్యాలరీ, అడ్డ రంధ్రాల ప్లగ్గులు మొత్తం 9. గోడ మీద పెయింటుతో పెద్దగా 9 అని రాశారు. ట్రేలో 9 లేకుండా బ్లాకు ట్యాంకులోకి దిగదు. బిగుసుకుపోయిన ప్లగ్గును గ్యాస్‌తో వేడిచేసి, కాస్త చల్లబడుతుండగా కొవ్వొత్తి మైనం తాకిస్తే మరలలోకి పీల్చుకుంటుంది. తర్వాత ఆలెన్ కీకి పైపు తొడిగి తిప్పితే పదింట ఎనిమిది వస్తాయి. రానివి డ్రిల్ చేసి, మళ్లీ ట్యాప్ కొట్టాల్సిందే. పిస్టన్లకు ఆయిల్ చిమ్మే జెట్లు, ఆయిల్ ప్రెషర్ హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు, క్యామ్ బుష్షులు, కోర్ ప్లగ్గులు కూడా ముందే బయటికి.

అయస్కాంతం: ట్యాంకు పక్కన తాడుకు కట్టిన స్పీకరు అయస్కాంతం. అంటుకుంటే ట్యాంకు, అంటుకోకపోతే పక్క తొట్టి. చదువురాని హెల్పర్‌కు కూడా ఇది ఒక్కసారి చెబితే చాలు. పక్క తొట్టిలో అల్యూమినియానికి కూడా పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న డీగ్రీజర్, 50 నుంచి 60 డిగ్రీల నీళ్లు.

కాస్టిక్ జాగ్రత్తలు: చల్లటి నీళ్లలో సోడాను కొంచెం కొంచెంగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. మోచేతుల దాకా రబ్బరు గ్లవ్సులు, మొహానికి షీల్డు, రబ్బరు బూట్లు. కంట్లో పడితే ధారగా పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి అప్పుడు ఆసుపత్రికి. అందుకే ట్యాంకుకు నాలుగడుగుల దూరంలో కుళాయి పెట్టారు.

గ్యాలరీ బ్రష్షు: ట్యాంకు నుంచి తీసిన బ్లాకును నీటి జెట్టుతో ప్రతి రంధ్రం రెండు వైపుల నుంచీ కడగాలి. తర్వాత రంధ్రానికి కాస్త లావుగా ఉండే నైలాన్ బ్రష్షు, పొడవాటి కడ్డీకి, వేడి సబ్బు నీళ్లతో. మెయిన్ గ్యాలరీకి ఒక సైజు, మెయిన్ బేరింగులకు దిగే ఏటవాలు రంధ్రాలకు చిన్నది. జెట్టు నీళ్లు మెత్తటి బురదను తోస్తాయి గానీ గోడకు అంటిన పొరను గీకలేవు. బ్రష్షు మీద నల్లదనం రావడం ఆగేదాకా తిప్పాలి. ఆపైన ఒక కొస నుంచి టార్చి వేసి రెండో కొస నుంచి చూడాలి. గోడ వెంట కాంతి గీత ఎక్కడైనా తెగితే అక్కడ ఇంకా ఏదో ఉందని. కడిగిన నీళ్లను పీహెచ్ కాగితంతో చూసి, కుళాయి నీళ్లతో సమానంగా వచ్చేదాకా కాస్టిక్‌ను వదలగొట్టాలి.

హోనింగ్ తర్వాత బోరు: ఇక్కడ డీజిల్, పెట్రోలు, కిరోసిన్ ఏవీ పనికిరావు. అవి నూనెను కరిగించి తీసుకుపోతాయి, రాయి పొడి మాత్రం అడ్డగీతల లోయల్లో కూర్చుని ఉంటుంది. పైకి మెరుస్తుంది కూడా. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి నైలాన్ బ్రష్షు. ఒక్కో బోరుకు నాలుగైదు నిమిషాలు చేతి నొప్పి పుట్టేలా రుద్దాలి. సబ్బు నురగ పొడిని చుట్టుకుని పైకి లేపుతుంది. కడిగి ఆరబెట్టాక తెల్ల మల్లు గుడ్డను కొత్త ఇంజిన్ ఆయిల్‌లో తడిపి బోరును తుడవాలి. గుడ్డ మీద బూడిద రంగు వస్తే మళ్లీ సబ్బు. ఈ షెడ్డులో మొదటిసారి మూడు సార్లు కడిగాక గానీ గుడ్డ తెల్లగా రాలేదు. అప్పటిదాకా పాత పద్ధతిలో ఎంత పొడి ఇంజిన్లోకి పోయిందో ఆ మూడు గుడ్డలను వరసగా ఆరేసి చూస్తే మేస్త్రీకి అర్థమైంది. అంతకుముందు ఆయన వాదన ఒకటే: "ముప్పై ఏళ్లుగా డీజిల్‌తోనే కడుగుతున్నాం సార్, అప్పుడు పోని బేరింగులు ఇప్పుడెందుకు పోతాయి?" అందులో కొంత నిజముంది. టర్బో లేని పాత ఇంజిన్లలో బేరింగు మీద పడే భారం తక్కువ, కొంత చెత్తను ఓర్చుకునేవి.

ఆఖరి నీళ్లు, గాలి, నూనె: చివరి కడుగుడు బోరుబావి నీళ్లతో కాదు. ఆర్ఓ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు మూడు, 70 డిగ్రీలకు వేడి చేసి పోస్తారు. బ్లాకు వేడెక్కి తనంతట తానే ఆరుతుంది, తెల్ల పొర రాదు. మిగిలిన తడికి కంప్రెసర్ గాలి. ఆ గాలిలోనే నీళ్లు, తుప్పు ఉంటే చేసిందంతా వృథా. కాబట్టి కంప్రెసర్ ట్యాంకు అడుగు వాల్వు రోజూ పొద్దున తెరవాలి, లైనులో నీళ్లు పట్టే ట్రాపు ఉండాలి. ఈ షెడ్డులో వాల్వు మొదటిసారి తెరిచినప్పుడు ఎర్రటి నీళ్లు అర బకెట్ వచ్చాయి. ఆరిన అయిదు నిమిషాల్లోపు బోర్లకు, మెయిన్ సీట్లకు, క్యామ్ రంధ్రాలకు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పూయాలి. తుప్పు రాకపోతే ఎమెరీ పేపర్ అవసరమే రాదు.

బనియన్ వేస్టు బిగింపు గదిలోకి నిషిద్ధం. దాని పోగులు పిస్టన్ జెట్టు రంధ్రాన్ని మూసేయగలవు, రిలీఫ్ వాల్వు సీటు మీద ఇరుక్కుంటే ప్రెషర్ పడిపోతుంది. ఫైబర్ డిస్కు బదులు గ్యాస్కెట్ రిమూవర్, ఇత్తడి స్క్రేపరు. రెండు నిమిషాల పని ముప్పావు గంట అయింది. దీని మీద సణుగుడు ఇప్పటికీ ఉంది.

క్రాంకు, కూలర్: గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంకులో ఆయిల్ దారుల కొసలకు ఉన్న ప్లగ్గులూ తీసి బ్రష్షు వేయాలి. ఆయిల్ కూలర్ విషయంలో మాత్రం రాజీ కుదరలేదు. బేరింగు పోయిన ఇంజిన్ కూలర్‌ను ఎంత కడిగినా సన్నని దారుల్లోని లోహపు పొట్టు పూర్తిగా రాదు. తర్వాత వేడికి, అదురుకు కదులుతుంది. రెండోసారి వెనక్కి వచ్చిన ఇంజిన్లో పాత కూలరే పెట్టి ఉంది. కొత్తది ఖరీదే, కానీ ఇంకో క్రాంకు గ్రైండింగ్ కంటే తక్కువ. టర్బో ఆయిల్ పైపుదీ ఇదే లెక్క.

ఆఖరి పరీక్ష: బిగించే ముందు, ఫిల్టరు గుండా వచ్చిన 2 లీటర్ల తాజా డీజిల్‌ను గ్యాలరీలోకి పంపి, మెయిన్ల దగ్గర కారేదాన్ని తెల్ల ఎనామెల్ ట్రేలో పట్టి, మల్లు గుడ్డలో వడకట్టాలి. గుడ్డను ఎండలో పట్టుకుని చూస్తే మెరుపు ఒక్కటి కూడా కనబడకూడదు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. బిగించాక స్టార్టు చేసే ముందు చేతిపంపుతో గ్యాలరీలోకి ఆయిల్ ఎక్కించి, రాకర్ల దాకా వచ్చిందని చూశాకే కీ తిప్పాలి. అరగంట నడిపి ఆయిల్, ఫిల్టరు మార్చి, ఆ ఫిల్టరును కోసి చూడాలి.

ఫలితం, పాఠాలు

తర్వాతి 10 నెలల్లో ఇలా కట్టిన 9 ఇంజిన్లలో బేరింగు పోయి వెనక్కి వచ్చింది ఒక్కటీ లేదు. ఒకటి వచ్చింది గానీ అది ఇంజెక్టరు కారి బోరు తడిసిపోయిన వేరే కథ. 9 ఇంజిన్లు పెద్ద సంఖ్య కాదు. పైగా అదే సమయంలో ఆయిల్ మార్చే గడువును కూడా తగ్గించారు, కాబట్టి మొత్తం ఘనత కడుగుడుకే ఇవ్వడం న్యాయం కాదు. అయినా 160 గంటలకు, 40 గంటలకు పోవడాన్ని ఆయిల్ గడువు వివరించలేదు. ఆ తొలి గంటల చావులు ఆగింది వరుస మారినందుకే.

ఖర్చు సంగతి: ఒక్కో ఇంజిన్‌కు అరరోజు కడుగుడు ఒకటిన్నర రోజు అయింది. యజమాని మొదట ఒప్పుకోలేదు. రిపేరు కోసం బండి నిలిచిన రోజులను రిజిస్టరులో లెక్కబెట్టి చూపిస్తే ఆ ఒక్క రోజు గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఇలాంటి కేసు ఎదురైన వారికి మొదట చెప్పాల్సింది, పోయిన షెల్స్ పారేయకండి, ఫిల్టరు కోయండి. ఈ షెడ్డు ఆ రెండూ మొదటి ఇంజిన్‌కే చేసి ఉంటే మిగతావి ఆగేవి. రెండోది, లేత్ షాపు కడిగి పంపిందన్న మాటను నమ్మకండి. వాళ్లు కడిగేది కూలెంట్ నీళ్లతో. మూడోది, డీజిల్ డ్రమ్ము గురించి. మన డీజిల్‌కు ఫ్లాష్ పాయింటు (దాని ఆవిరికి నిప్పంటుకోగల వేడి) కనీస హద్దు 35 డిగ్రీలు. మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి దాన్ని దాటే ఉంటుంది. మూత లేని డ్రమ్ము పక్కన గ్రైండర్ నిప్పురవ్వలు పడే ఏర్పాటు చాలా షెడ్లలో ఉంది. ఇక్కడా ఉండేది, డ్రమ్మును గోడ అవతలికి మార్చి మూత పెట్టించారు. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. ట్యాంకు అడుగున మిగిలే కాస్టిక్ మడ్డి కూడా కాలవలోకి పోకూడదు.

మిగిలిన ఇబ్బంది గేర్‌బాక్సు సెక్షన్. అక్కడ ఇప్పటికీ పాత సగం డ్రమ్మే నడుస్తోంది. కడిగిన రోలర్ బేరింగులను గాలి కొట్టి గిర్రున తిప్పే అలవాటు పోలేదు. ఆ ఈల చప్పుడు వినబడితే మేస్త్రీ ఇప్పుడు ఇంజిన్ గదిలో నుంచే కేకేస్తున్నాడు.